గండి పడకముందే

మండపేట చుట్టుపక్కల వరి పండించేవాళ్ళకి కాలువ సంగతి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ధవళేశ్వరం దగ్గర బయలుదేరిన గోదావరి నీళ్ళు మండపేట కాలువలోంచి బోదెల్లోకీ, బోదెల్లోంచి చేలల్లోకీ వస్తాయి. గట్టు ఎక్కడ మెత్తబడిందో ముందే చూసి నాలుగు ఇసుక బస్తాలు వేయించినవాడు ఊరిని కాపాడతాడు. గండి పడ్డాక వందమంది దిగినా అప్పటికే చేలు మునిగిపోయి ఉంటాయి. మనసుకు వచ్చే కష్టాల విషయంలోనూ ఇలాగే ఆలోచించాలని అరవై ఏళ్ళుగా పట్టుబడుతున్న శాస్త్రం ఒకటుంది. దాని పేరు కమ్యూనిటీ సైకాలజీ. కుంగిపోయిన మనిషికి వైద్యం చేయించడం ఎంత అవసరమో, మనుషులు కుంగిపోయేలా చేస్తున్న పరిస్థితిని ఊరంతా కలిసి మార్చడం అంతకన్నా అవసరమని అది చెబుతుంది.

ఇప్పుడు జరుగుతున్నది చూద్దాం. ఒక కౌలురైతుకి నెల రోజులుగా నిద్ర లేదనుకుందాం. అన్నం సయించదు, ఎవరితోనూ మాట కలపడు. ఇంట్లోవాళ్ళు మొదట గాలి సోకిందేమో అనుకుంటారు. తర్వాత ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే ఆయన బలానికి సూది వేస్తాడు. మానసిక వైద్యుడి మాట వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. అప్పుడు రాజమండ్రికో, కాకినాడ పెద్దాసుపత్రికో ప్రయాణం. కూలి పోతుంది, బస్సు చార్జీలు అవుతాయి, ఎవరైనా చూస్తారేమోనన్న బెరుకు ఒకటి. మానసిక ఆసుపత్రులు ఉండటం వల్ల విశాఖలో చినవాల్తేరు, హైదరాబాదులో ఎర్రగడ్డ అన్న పేర్లనే మనం తిట్లుగా మార్చేసుకున్నాం. అలాంటి చోట డాక్టరు గది గడప తొక్కడమే పెద్ద సాహసం.

ఇది ఒక్క ఊరి కథ కాదు. బెంగుళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి చూస్తే వాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి ఏ చికిత్సా అందడం లేదు. పన్నెండు రాష్ట్రాల్లో చేసిన ఆ సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. అయినా మన లెక్క వేరుగా ఉంటుందని నమ్మడానికి కారణమేమీ కనబడదు.

డాక్టర్లను పెంచితే సరిపోదా? సరిపోదని 1959లోనే లెక్క తీసి చెప్పినవాడు జార్జ్ ఆల్బీ అనే అమెరికా మనస్తత్వవేత్త. మానసిక వైద్య సిబ్బంది మీద జరిపిన అధ్యయనంలో ఆయనకు తేలింది ఒకటే: ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చికిత్స చేసే పద్ధతిలో అవసరానికి సరిపడా నిపుణులు ఏనాటికీ తయారు కారు, ధనిక దేశంలో కూడా. ఆ మాట గుర్తు చేస్తూ ఆయన తరచూ కలరా చరిత్రకు వెళ్ళేవాడు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవాళ్ళ ఇళ్ళ వివరాలు ఆరా తీసి, వాళ్ళలో ఎక్కువమంది ఒకే పంపు నీళ్ళు తాగారని పట్టుకున్నాడు. పంపు హ్యాండిల్ తీయించాడు. రోగుల్ని ఒక్కొక్కరిగా నయం చేసుకుంటూ పోయి ఏ మహమ్మారినీ లోకం వదిలించుకోలేదన్నది ఆల్బీ వాదన.

ఆల్బీ తన వాదానికి ఒక భిన్నం రూపం కూడా ఇచ్చాడు. మానసిక సమస్యలు పుట్టే రేటును కొలవాలంటే లవంలో శరీర కారణాలు, ఒత్తిడి, దోపిడీ ఉంటాయి. హారంలో కష్టాన్ని ఎదుర్కొనే నేర్పు, ఆత్మగౌరవం, తోడుగా నిలిచే మనుషులు ఉంటారు. లవం తగ్గించినా, హారం పెంచినా ఫలితం తగ్గుతుంది. ఈ భిన్నంలో ఎక్కువ భాగం ఆసుపత్రి బయటే ఉందని గమనించాలి. అప్పుల వడ్డీ, కౌలు రేటు, తాగుడు, కులం పేరుతో అవమానం, ఇంట్లో దెబ్బలు, పక్కింటివాళ్ళ మాటసాయం — ఇవన్నీ ఊరి చేతిలోనో ప్రభుత్వం చేతిలోనో ఉన్నవి. 1965 మే నెలలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్వాంప్‌స్కాట్ అనే చిన్న పట్టణంలో కొందరు మనస్తత్వవేత్తలు సమావేశమై, క్లినిక్ గోడలు దాటి వీధిలోకి, బడిలోకి, పనిచోటికి వెళ్ళాలని తీర్మానించుకున్నారు. ఈ శాస్త్రం అక్కడే పుట్టిందని చెబుతారు.

పేరు అక్కడ పుట్టింది కానీ, దాని సారాన్ని పుస్తకం చదవకుండానే చేసి చూపించిన ఊరు నెల్లూరు జిల్లాలో ఉంది. కలిగిరి మండలం దూబగుంట.

1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరా చేర్చింది. అంతకుముందు తాగాలంటే దుకాణం దాకా వెళ్ళాలి. ప్యాకెట్ వచ్చాక సారాయే ఇంటికీ చేనికీ నడిచొచ్చింది. మగవాడి కూలి ప్యాకెట్లకు పోయింది. ఇంట్లో పస్తులు, దెబ్బలు. ఆ ఆడవాళ్ళని ఏ మానసిక వైద్యుడైనా ఒక్కొక్కరిగా పరీక్షించి ఉంటే కుంగుబాటు, ఆందోళన, నిద్రలేమి అని రాసిచ్చేవాడు. ఆ రాత తప్పేమీ కాదు. అయితే మందు చీటీ వల్ల సారా బండి ఆగదు.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిపూట లాంతరు వెలుగులో కూడుకున్న ఆడవాళ్ళు అక్షరాలతో పాటు సీతమ్మ కథ అనే పాఠం చదివారు. తాగుడు వల్ల చితికిన కుటుంబం కథ అది. చదివినవాళ్ళు అది తమ కథేనని గుర్తుపట్టారు. ప్రతి ఇంట్లో గుట్టుగా దాచుకున్న బాధ అందరి ఇళ్ళలోనూ ఒకటేనని తెలియడంతో మలుపు వచ్చింది. నా ఖర్మ ఇంతే అనుకున్నామె, ఇది మన ఊరికి పట్టిన పీడ అనడం మొదలుపెట్టింది. వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు పదులమంది స్త్రీలు కదిలారు. సారా దుకాణం మూయించారు. ఆ విజయం తర్వాతి పాఠ్యపుస్తకంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై జిల్లా అంతా చేరింది. 1992లో ఊళ్ళకు ఊళ్ళు కదిలి సారా వేలంపాటలను అడ్డుకున్నాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది ఎత్తేశారు. సారా నిషేధం మాత్రం నిలిచింది.

విలియం ర్యాన్ అనే మనస్తత్వవేత్త 1971లో ఒక పుస్తకం రాశాడు. కష్టంలో ఉన్నవాణ్ణే ఆ కష్టానికి దోషిగా నిలబెట్టే అలవాటు సమాజంలో ఎంత లోతుగా పాతుకుందో అందులో విప్పి చూపాడు. దూబగుంట ఆడవాళ్ళు చేసింది ఆ అలవాటును తలకిందులు చేయడమే. దోషం తమలో లేదు, ప్యాకెట్ పంపిన పద్ధతిలో ఉంది. ఈ ఎరుక కలిగినప్పుడు మనిషి నడుము నిటారవుతుంది. కమ్యూనిటీ సైకాలజీలో దీన్ని సాధికారత అంటారు. జూలియన్ రాపాపోర్ట్ అనే శాస్త్రవేత్త 1981లో ఈ రంగానికంతటికీ దీన్నే కేంద్రంగా నిలబెట్టాడు.

సారా ఆగాక మిగిలిన డబ్బు ఏం చేయాలి? అదే నెల్లూరులో రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి మొదలైంది. పది పదిహేనుమంది కలిసి కూర్చోవడం, పుస్తకం రాసుకోవడం, అవసరమైనవాళ్ళకు అప్పివ్వడం. డ్వాక్రా పథకంతో, 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలనకు ఏర్పడ్డ సెర్ప్ సంస్థతో ఈ సంఘాలు లక్షల్లోకి పెరిగాయి. మండపేట వంటి మున్సిపాలిటీల్లో మెప్మా అనే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ కింద నడుస్తున్న వార్డు సంఘాలదీ ఇదే వంశవృక్షం. డబ్బు లెక్కలకే వీటిని పరిమితం చేసి చూస్తే అసలు విషయం చేజారిపోతుంది. 1986లో మెక్‌మిలన్, చావిస్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషుల్ని ఒక సముదాయంగా కట్టి ఉంచేవి ఏవని వెతికారు. నేను వీళ్ళలో ఒకదాన్ని అనిపించడం, నా మాట ఇక్కడ చెల్లుతుందన్న నమ్మకం, అవసరానికి సాయం దొరకడం, కలిసి పడిన కష్టసుఖాల జ్ఞాపకం — ఈ నాలుగూ ఉన్న చోట మనిషి ఒంటరి కాడని తేల్చారు. సంఘం మీటింగుకు ఒక్కసారి వెళ్ళి కూర్చున్నవాళ్ళకి ఈ నాలుగూ కళ్ళ ముందు కనబడతాయి. రెండు మీటింగులుగా రాని సభ్యురాలి గురించి, ఏమైంది ఆవిడకి, ఓసారి చూసొద్దాం పదండి అని ఎవరో ఒకరు లేస్తారు. ఏ ఆసుపత్రికీ ఇంత దగ్గరి కన్ను లేదు.

ఇక్కడిదాకా చెప్పి ఆగిపోతే అబద్ధం చెప్పినట్టే అవుతుంది. ఎందుకంటే ఈ సంఘబలాన్నే ఉరితాడుగా మార్చిన కాలం కూడా తెలుగు నేల చూసింది.

2000 తర్వాత మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ళలో విస్తరించాయి. తాకట్టు అక్కర్లేదు, అయిదుగురు ఆడవాళ్ళు ఒకరికొకరు పూచీ ఉంటే చాలు. ఒకామె వారం కిస్తీ కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. అంటే ఆమెకున్న తోడే ఆమె మీద వసూలుదారు అయింది. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీల అప్పులు, ఒకదానికి కట్టడానికి ఇంకొకటి. కిస్తీ రోజున గుమ్మం ముందు సాటి ఆడవాళ్ళే బైఠాయించి నలుగురిలో నిలదీసే పరిస్థితి వచ్చింది. 2006లో కృష్ణా జిల్లాలో ఆ కంపెనీల బ్రాంచీలను అధికారులు మూయించారు. అది ముందస్తు హెచ్చరిక. ఎవరూ వినలేదు. 2010 నాటికి ఈ ఒత్తిడి వల్ల ఆత్మహత్యలు పదుల సంఖ్యలో జరిగాయని పత్రికలు రాశాయి. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఇంటి మీదికొచ్చే వసూళ్ళను, బలవంతాన్ని నిషేధించింది.

అలాంటి ఊళ్ళే, అలాంటి ఇళ్ళే, అదే సామూహిక బంధం. 1992లో బతికించింది, 2010లో పీక నొక్కింది. తేడా ఎక్కడుంది? దూబగుంటలో నియమాలు పెట్టుకున్నది ఆ ఆడవాళ్ళే. కిస్తీ గుంపులో నియమాలు ఎక్కడో ఆఫీసులో తయారై వచ్చాయి. గుంపు ఉండటం ఒక్కటే ఆరోగ్యం కాదు, ఆ గుంపు పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. ఊరు అనే మాటను కూడా ఈ జాగ్రత్తతోనే వాడాలి. గోదావరి జిల్లాల్లో ఊరూ, దళితులుండే పేటా వేరువేరుగా ఉంటాయి. ఊరంతా ఒక్కటే అన్నవాళ్ళు పేటలోంచి చూసి ఆ మాట అంటున్నారో లేదో ముందు తేల్చుకోవాలి. పరువు పేరుతో ఆడపిల్లను భయపెట్టేదీ, మతి చెడిందని పుకారు లేపి కుటుంబాన్ని వెలివేసేదీ కూడా ఊరే.

పగ్గాలు తమ చేతిలోకి తీసుకునే ప్రయత్నం కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో చేశారు. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చు పెరిగింది, మురుగు కాలువలు పూడిపోయి వానలకు చేలు మునుగుతున్నాయి. వేలాది ఎకరాల్లో నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించారు. దేశానికి అన్నం పెట్టే డెల్టాలో నాగలి ఆగడం ఢిల్లీ దాకా వినబడింది. కారణాలు వెతకడానికి మోహన్ కందా కమిటీ వచ్చింది. ఆర్థికంగా ఎంత గిట్టిందన్నది వేరే చర్చ. మనసు వైపు నుంచి చూస్తే, నష్టాన్ని ఒక్కొక్క రైతూ తన ఇంటి చీకట్లో మోయకుండా, పదిమందిలో పెట్టి పేరు పెట్టి పిలిచాడు. దాని విలువ చిన్నది కాదు. అయితే ఆ ఉద్యమంలోనూ వెనక వరసలో ఉండిపోయినవాడు కౌలురైతే. పొలం ఇంకొకరి పేర ఉంటుంది, కాబట్టి బ్యాంకు అప్పు, పంట బీమా, నష్టపరిహారం అతని దాకా రావు. కౌలుదార్లకు కార్డులిచ్చేలా 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చినా, భూయజమాని అంగీకారం లేక కార్డు అందని కౌలుదార్లు ఎందరో. కౌలు కార్డు ఇవ్వడం రెవెన్యూ పని అనుకుంటాం. నిజానికి అది మానసిక ఆరోగ్య కార్యక్రమం కూడా.

నివారణ గురించి మాట్లాడేటప్పుడు ఇంకో గట్టి ఉదాహరణ శ్రీలంకది. 1995లో అక్కడ ఆత్మహత్యల రేటు లక్షకు 47, ప్రపంచంలోకెల్లా ఎక్కువ రేట్లలో ఒకటి. ఎక్కువ మరణాలు పురుగుమందుల వల్లే. ఆ ఏడాది నుంచి అతి ప్రమాదకరమైన మందులను ఒకదాని వెంట ఒకటి నిషేధిస్తూ వచ్చారు. రెండు దశాబ్దాల్లో రేటు 70 శాతం పడిపోయింది. పంట దిగుబడి తగ్గలేదు. దేశంలో బాధలు తీరిపోయి కాదు ఇది జరిగింది. చావాలన్న తలపు చాలామందిలో కొద్దిసేపే బలంగా ఉంటుంది. ఆ కాసేపట్లో ప్రాణాంతకమైనది చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. చెన్నైకి చెందిన మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ బృందం తమిళనాడు కడలూరు జిల్లాలో పురుగుమందుల డబ్బాలను ఇళ్ళలో కాకుండా ఊరి ఉమ్మడి గదిలో తాళాల పెట్టెల్లో ఉంచే ఏర్పాటు చేసి చూసింది. రైతులు దాన్ని ఒప్పుకున్నారు, వాడారు కూడా. ఇలాంటి గది కట్టుకోవడానికి డెల్టాలోని ఏ సహకార సంఘానికైనా పెద్ద ఖర్చేమీ కాదు.

మరి అప్పటికే కుంగిపోయినవాళ్ళ సంగతి? దీనికి జవాబు వెతికిన పని గోదావరికి ఆవలి ఒడ్డునే జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో పశ్చిమ గోదావరి జిల్లాలో స్మార్ట్ మెంటల్ హెల్త్ అనే ప్రాజెక్టు నడిపింది. ముప్పై గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చి, కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలను గుర్తించే ప్రశ్నలు అడగడం నేర్పారు. సమస్య ఉన్నట్టు తేలినవాళ్ళను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు. అంతకన్నా ముందు ఊళ్ళలో నాటకం వేసి, వీడియోలు చూపించి, మనసు జబ్బు సిగ్గుపడాల్సింది కాదని ప్రచారం చేశారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆశాలు 5007 మందిని పరీక్షించగా 238 మందికి సాయం అవసరమని తేలింది. వాళ్ళలో అంతకుముందు ఎప్పుడైనా మానసిక వైద్యం పొందినవాళ్ళు ఇద్దరే. ప్రాజెక్టు నడిచిన కాలంలో 30 మంది డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

ఇద్దరు ముప్పై మంది కావడం పెద్ద అడుగు. అయితే మిగతా రెండువందల పైచిలుకు మంది వెళ్ళలేదన్నదీ అంతే నిజం. ప్రశ్నలు అడగడం నేర్పితే జబ్బు కనబడుతుంది. కూలి మానుకుని, బస్సెక్కి, సిగ్గు చంపుకుని వెళ్ళాలంటే ఇంకా చాలా కావాలి. ఆ తర్వాత పశ్చిమ గోదావరిలోనూ హర్యానాలోనూ మరింత పెద్ద ఎత్తున, పోల్చి చూసే పద్ధతిలో ఇదే పని చేశారు. ఈ పద్ధతి నడిచిన చోట కుంగుబాటు మరింత తగ్గినట్టు 2024లో ప్రకటించారు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు అమ్మమ్మల వయసు ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదిచ్చి, క్లినిక్ ఆవరణలో చెక్క బల్ల మీద కూర్చుని జనం కష్టాలు వినే ఏర్పాటు చేశాడు. 2016లో వచ్చిన పరీక్ష ఫలితాలు అదీ పనిచేస్తుందని చూపాయి. వినడం తెలిసిన మనిషి, నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, మన భాషలో దొరకడం — రెండు చోట్లా పనిచేసింది ఇదే.

మండపేటకు కావలసినవి చాలావరకు ఇప్పటికే మండపేటలో ఉన్నాయి. వార్డు సంఘాలున్నాయి, ఆశాలున్నారు, అంగన్‌వాడీలున్నాయి, రైసుమిల్లుల్లోనూ కోళ్ళఫారాల్లోనూ వందలమంది పనిచేసే చోట్లున్నాయి. లేనిది వీటిని కలిపి కుట్టే దారమే. నెలకోసారి జరిగే సంఘం మీటింగులో కిస్తీ లెక్కలయ్యాక పావుగంట ఇంటి కష్టాలకు కేటాయించవచ్చు. మెప్మా రిసోర్స్ పర్సన్లకు, ఆశాలకు కలిపి కుంగుబాటును గుర్తించే శిక్షణ ఇప్పించవచ్చు. గుర్తించినవాళ్ళకి వారానికొకరోజైనా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు అందుబాటులో ఉండేలా కౌన్సిలర్లు అడగవచ్చు. మిల్లు హమాలీల దగ్గరికీ, కోళ్ళఫారం కూలీల దగ్గరికీ ఎవరూ వెళ్ళడం లేదు. వాళ్ళ దగ్గరికే ముందు వెళ్ళాలి. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో నాలుగో వంతుకు పైగా రోజుకూలీలేనని నేర రికార్డుల బ్యూరో లెక్క.

ఈ పనుల్లో దేనికీ కొత్త భవనం అక్కర్లేదు. ఆసుపత్రి పడకలు పెంచుతామని ఎన్నికల్లో మాటిచ్చేవాళ్ళను, గట్టు సంగతేమిటని ఓటర్లు అడగాలి. కౌలు కార్డులు ఎన్ని ఇచ్చారు, వసూళ్ళ వేధింపుల మీద ఎన్ని కేసులు కట్టారు, ఆశాలకు ఏం నేర్పారు అని అడగాలి.

ఈలోగా చదువరికి ఒక మాట. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరైనా మాట తగ్గించి, ముద్ద మాని, బతుకు మీద విసుగు కనబరుస్తుంటే, ఏమైందని సూటిగా అడగండి. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే ఆ ఆలోచన లేనివాళ్ళకి కొత్తగా పుట్టదు, ఉన్నవాళ్ళకి చెప్పుకునే దారి దొరుకుతుంది. సాయం కోసం 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.